ఎలుకమీది కోపము



ఎలుకమీది కోపమున ఇంటికి నిప్పు పెట్టుకొన్నట్లని మనలో ఒక సామెత యున్నది. చిన్ననాటినుండి ఈ మాట విని నవ్వినవారమే కాని, అది తన యింటనే జరుగునని యెవరును తలంపరు. నేనును తలంపలేదు. అట్టిది నా చేతులమీదుగానే జరుగబోయి వెంట్రుకవాసిలో తప్పినది. ఆ సంగతియు, దాని వెనుక నేను నేర్చికొన్న నాలుగు మాటలును మీకు మనవి చేయుటకే ఈ ప్రసంగము. ఇంత చిన్న జంతువును గూర్చి ఇంత ప్రసంగమా యని మీలో కొందరు నవ్వవచ్చును. తప్పులేదు. కాని యిది వినిన పిదప దీపము చేతబట్టి మీ ధాన్యపు గది మూలల నొకసారి చూడుడు. అప్పుడు నన్ను మన్నింతురు.

మాది శ్రీకాకుళము జిల్లాలో వంశధార గట్టుననున్న పల్లె. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస ప్రాంతమున తీరము దాటినది. ఉద్దానమున కొబ్బరిచెట్లును జీడితోటలును నేలగూలిన సంగతి మీరెల్లరు నెరిగినదే. గాలి తగ్గిన వెంటనే యేటికి వరద వచ్చినది. పల్లపు పొలములు మునిగినవి. గట్లలోని బొరియలు నీటితో నిండగా, వానిలో కాపురమున్న ఎలుకలు మెరక వెదకికొని బయలుదేరినవి. పల్లెలో మెరక యనగా మన యిండ్లే గదా! దీపావళి వచ్చునప్పటికి మా యింట మనుష్యులకంటె ఎలుకలే యెక్కువగా నుండెను.

మాది పాతకాలపు పెంకుటిల్లు. గోడలు మట్టివి. వంటయింటి ప్రక్కనున్న చీకటి గదిలో ధాన్యపు బస్తాలు గోడకు ఆనించి పేర్చియుండెను. అటకమీద చినిగిన చాపలు, విరిగిన మంచపు కోళ్లు, ఎవరికిని అక్కరలేని తట్టలు, బుట్టలు. పెరటిలో గడ్డిమేటు వంటయింటి గోడకు తగులుచుండెను. రాత్రి దీపమార్పగనే అటకమీద గుఱ్ఱపు పందెములవలె పరుగులు ప్రారంభమయ్యెడివి. బస్తాలకు చిల్లులు పడినవి. పెట్టెలోని పట్టుచీర అంచు కొరికినవి. ఒకనాటి ఉదయమున నా భార్య పొయ్యి వెలిగింపబోయి గ్యాసు వాసన గ్రహించి చూడగా, రబ్బరు గొట్టముపై పండ్లగాట్లు కానవచ్చినవి. నాటితో నాకు కోపము మితిమీరినది.

పిల్లిని తెచ్చితిమి. అది పాలు త్రాగి పొయ్యిప్రక్క నిదురించినది. బోను పెట్టితిమి. మొదటిరాత్రి యొకటి పడినది. పిమ్మట వారము దినములు బోను ఖాళీయే. తుదకు సంతకు పోయి ఎలుకలమందు పొడి పొట్లము కొనితెచ్చితిని. మా తల్లి నన్ను ప్రక్కకు పిలిచి, "మందు తెచ్చినానని గట్టిగా అనకు నాయనా, అవి ఇంటాయి" అని హెచ్చరించినది. ఆ రాత్రి బియ్యపు నూకలో బెల్లము, నూనె, ఆ పొడి కలిపి ఎనిమిది ఉండలు చేసి, నాలుగు అటకమీదను, నాలుగు బస్తాల వెనుకను ఉంచితిని. తెల్లవారి చూడగా ఏడు ఉండలు ఉంచినవి ఉంచినట్లే యున్నవి. ఎనిమిదవది లేదు. ఒక ఎలుకయైనను తిని చచ్చియుండునని సంతోషించితిని.

మూడవనాటి మధ్యాహ్నము నేను పంచలో కూర్చుండి పత్రిక చదువుకొనుచుంటిని. నాలుగేండ్ల నా మనుమడు మంచము క్రిందినుండి ప్రాకి వచ్చి, "తాతా, లడ్డు!" అని చేయి చాచినాడు. వాని చేతిలో నున్నది ఆ ఎనిమిదవ ఉండ. ఎలుక దానిని తినలేదు. అటకమీదనుండి దొరలించుకొని వచ్చి మంచము క్రింద దాచుకొన్నది. నేను లేచునంతలో వాడు చేతిని నోటికడకు తీసికొనిపోయినాడు. నా భార్య యెటనుండి వచ్చినదో తెలియదు, వాని చేతిమీద ఒక్క దెబ్బ వేసినది. ఉండ ముక్కలై నేలబడినది.

వాడు దానిని రుచి చూచినాడో లేదో మాకు తెలియదు. నోరు కడిగి, ఆ పొట్లముతోకూడ ఆసుపత్రికి తీసికొనిపోయితిమి. వైద్యుడు పొట్లముమీది అక్షరములు చదివి, "ఈ విషమునకు విరుగుడు లేదు. కనిపెట్టి యుండవలసినదే" అన్నాడు. ఆ రాత్రి ఆసుపత్రి వసారాలో నేను కూర్చున్న గంటలు నా జీవితమున మరువజాలను. తెల్లవారినది. పిల్లవానికి ఏమియు కాలేదు. కాని ఆ రాత్రి నాకు తెలిసివచ్చినది ఒక్కటే: గదిలోని రెండు బస్తాల ధాన్యముకొరకు నేను నా వంశాంకురమునే పణముగా పెట్టితిని.

పిల్లవానిని చూచిపోవుటకు, మా యింట నలువదియేండ్లు పనిచేసిన వృద్ధుడొకడు వచ్చినాడు. ఇల్లంతయు ఒకసారి తిరిగి చూచి, పంచలో గొంతుక్కూర్చుండి అతడన్న మాట ఇది: "అవి వాటంతటవే వచ్చినాయేటి బాబూ? మనమే పిలిసి కూడెట్టినాం."

పెద్దలారా! నా ప్రసంగములోని సారమంతయు ఆ మాటలో నున్నది. వరద ఎలుకలను మా గుమ్మమువరకే తెచ్చినది. లోపలికి పిలిచి, అన్నము పెట్టి, పడక చూపినది మేమే.

ముందు ఈ శత్రువును గుర్తింపవలయును. మన యిండ్లకు వచ్చునవి ముఖ్యముగా మూడు. పొడవైన తోక, పెద్ద చెవులు గలిగి అటకలపైనను వాసములపైనను తిరుగునది ఇంటి ఎలుక. పెట్టెలలోను పుస్తకములలోను దూరునది చిట్టెలుక. నేలలో బొరియలు త్రవ్వి, ద్వారమున మట్టి కుప్పలు పోయునది పందికొక్కు. నాలుగవది యొకటి కలదు. ముట్టె పొడవై, కంపు కొట్టుచు గోడవెంబడి పరుగెత్తునది చుంచు. చూపునకు ఎలుకవలె నున్నను అది ఎలుక జాతి కాదు. బొద్దింకలను, పురుగులను తిని బ్రదుకును. దానిని చంపవలసిన పనిలేదు.

ఎలుక ముందరిపండ్లు జీవితాంతము పెరుగుచునే యుండును. అందుచేత అది ఆకలి లేకున్నను కొరుకుచునే యుండవలయును. కొయ్య, రబ్బరు, విద్యుత్తీగలపై తొడుగు, దానికన్నియు సమానమే. ఆడ ఎలుక సుమారు మూడు వారములు మోసి, ఈతకు ఆరేడు పిల్లలను పెట్టును. ఆ పిల్లలు మూడు నెలలకే తల్లులగును. కనుక పదింటిని చంపితిమని సంతోషించుట వ్యర్థము. తిండియు చోటును ఉన్నంతకాలము, చచ్చినవాని స్థానము కొలది నెలలలో నిండును.

ఒక్కొక్క ఎలుక దినమునకు 20 నుండి 25 గ్రాముల గింజలు తినును. ఇంట పది ఎలుకలున్నచో ఏడాదికి ఇంచుమించు ఒక బస్తా ధాన్యము. తినినది పోగా, మూత్రముతోను పెంటికలతోను పాడుచేసినది అంతకంటె అధికము. అయినను ధాన్యనష్టమే యంతయు అనుకొనరాదు. ఎలుకవలన వచ్చు రోగములు ధాన్యముకంటె ఖరీదైనవి.

1896లో బొంబాయిలో ప్లేగు ప్రవేశించి దేశమంతటను ప్రాకినది. రెండేండ్లు గడచిన పిమ్మట, 1898లో, సిమోండ్ అను ఫ్రెంచి వైద్యుడు కరాచీలో పరిశోధించి, ఆ రోగము ఎలుకనుండి మనుష్యునకు ఎలుకమీది దుమికెడు పురుగుల మూలమున వచ్చునని కనుగొన్నాడు. 1994లో సూరతు నగరమున ప్లేగు భయము మరల తలయెత్తినప్పుడు జనులు రైళ్లెక్కి పారిపోయిన వార్త మీలో పలువురకు జ్ఞాపకముండును. మన ప్రాంతమున నేడు చూచుకొనవలసినవి మఱి రెండు. మొదటిది ఎలుక జ్వరము. ఎలుక మూత్రము కలసిన నీటిలో, బురదలో పనిచేయునప్పుడు కాలి పగుళ్లద్వారా రోగక్రిములు ప్రవేశించును. జ్వరము, పిక్కలలో తీవ్రమైన నొప్పి, కన్నులెఱ్ఱబారుట, ముదిరినచో కామెర్లు దాని లక్షణములు. రెండవది పొదలలోని అతిసూక్ష్మమైన నల్లి పిల్లలు కుట్టుటవలన వచ్చు స్క్రబ్ టైఫస్ జ్వరము. ఆ నల్లిని పోషించునవి ఎలుకలే. కుట్టినచోట కాలినట్లు నల్లని పొక్కు కట్టును. అందరికిని అది కానరాకపోవచ్చును. ఈ రెండింటికిని మంచి మందులున్నవి, కాని తొలిదినములలోనే ఈయవలయును. వరదల వెనుకను, నాట్ల కాలమునను జ్వరము వచ్చినప్పుడు, మా యింట ఎలుకలున్నవని వైద్యునితో చెప్పుట మరువకుడు. ఎలుకలున్న యింటికి వానిని వెదకికొనుచు నాగుపాము వచ్చునని వేరుగ చెప్పనక్కరలేదు.

ఇక చేయవలసినదేమి? ఎలుకకు మూడు కావలయును: తిండి, దారి, దాగుచోటు. ఈ మూడింటిని తీసివేయుటయే అసలు మందు. మేము ఆ క్రమముననే చేసితిమి.

మొదట తిండి. మన పెద్దలు గడ్డివెంటిని చుట్టలుగా చుట్టి పురులు కట్టి, వాకిటిలో మెరకపై ధాన్యము దాచెడివారు. వెదురుతో అల్లిన గాదెలను రాళ్లపై నిలిపి, పేడ మట్టితో ఏటేట అలికెడివారు. పురిలో ఎలుక దూరదని నేననను. దూరును. కాని అది పదిమంది కంటియెదుట నుండెను. నలువైపుల మనిషి తిరుగుటకు చోటుండెను. మనము ధాన్యమును చీకటిగదిలో గోడకు ఆనించి, ఆరునెలలు తొంగిచూడక, పురిలోని దోషమును ఉంచుకొని గుణమును పోగొట్టుకొంటిమి. మా యింట బస్తాలన్నిటిని వెలుపలికి తీసి ఎండబెట్టి, గోడకు రెండడుగుల దూరమున ఎత్తైన బల్లలపై పేర్చితిమి. విత్తనములను, తిండిగింజలను ఇనుపరేకు గాదెలోనికి మార్చితిమి. ఎలుక రెండున్నర అడుగుల యెత్తు ఎగురగలదు. కనుక కొత్తగా గాదె కట్టువారు మూడడుగుల యెత్తు కాళ్లు పెట్టి, ప్రతి కాలికిని రేకుతో చేసిన గరాటును బోర్లించి తొడుగుట మంచిది. పైకెక్కిన ఎలుక ఆ గరాటు లోపల చిక్కి మరల క్రిందకే దిగును.

ధాన్యము భద్రపరచినంతమాత్రమున సరిపోదు. రాత్రి కడుగని కంచములు, పశువులకని ఉంచిన కుడితి గోలెము, తవుడు గంప, కోళ్లకు చల్లగా మిగిలిన నూకలు, దేవునియెదుటి నైవేద్యము, ఇవన్నియు ఎలుకకు విందే. నూనె దీపపు వత్తిని మండుచుండగనే ఈడ్చుకొనిపోయి తాటాకు ఇంటికి నిప్పు పెట్టిన ఎలుకలును గలవు. సామెతలో నిప్పు పెట్టినవాడు మనుష్యుడు. అప్పుడప్పుడు ఎలుకయే ఆ పని చేసిపోవును. పడుకొనబోవు ముందు వంటయిల్లు తుడిచి, కుడితి మూతవేసి, దీపము కొండెక్కించుట ఇంటివారందరు నేర్వవలసిన అలవాటు.

రెండవది దారి. చిటికెనవ్రేలు పట్టు సందుండిన చిట్టెలుక దూరును. బొటనవ్రేలికంటె కొంచెము పెద్దదైన సందు ఇంటి ఎలుకకు చాలును. ఒక సాయంకాలము ఇంట కనబడిన కన్నములన్నిటిని తడిమట్టితో పైపైన మూసితిమి. మొత్తము ఇరువదియేడు. తెల్లవారునప్పటికి తొమ్మిది తెరచియుండెను. రాకపోకలున్నవి ఆ తొమ్మిదే యని తేలినది. వాని కడనే బోనులు పెట్టితిమి. ఎలుకల సందడి యడగిన పిదప, గాజుపెంకులు, కంకర కలిపిన సిమెంటుతో అన్నిటిని పూడ్చితిమి. వట్టి మట్టితో పూడ్చినచో అది ఎలుకకు ఒక రాత్రి పని. తలుపుల అడుగున రేకు కొట్టించితిమి. నీళ్లు పోవు తూములకు సన్నని ఇనుపవల బిగించితిమి. ఇంటికప్పుపై వ్రాలిన చింతకొమ్మను కొట్టించితిమి. ఇంటి ఎలుకకు చెట్టుకొమ్మ రాచబాట. కొబ్బరిచెట్లున్నవారు మనిషి యెత్తున మ్రానుచుట్టు అడుగుమించిన వెడల్పుగల నున్నని రేకు చుట్టించినచో, కాయలు మిగులును. చెట్ల మట్టలు ఒకదానినొకటి తాకుచున్నచో మాత్రము ఆ రేకు వ్యర్థము.

మూడవది దాగుచోటు. అటకమీది సామాను దించినప్పుడు మాకు సిగ్గు కలిగినది. ఎందుకు దాచితిమో మాకే తెలియని వస్తువుల నడుమ, నా భార్య వెదకి వెదకి మానిన పట్టుచీర పోగులతో ఎలుకలు పిల్లలకు పాన్పు వేసినవి. పనికిరానివానిని పారవేసితిమి. గడ్డిమేటును ఇంటికి దూరముగా జరిపితిమి. ఇచ్చట ఒక హెచ్చరిక. ఎలుక పెంటికలను పొడిగా ఊడ్వరాదు. ఆ దుమ్ము ఊపిరిలోనికి పోరాదు. బ్లీచింగు పొడి కలిపిన నీటితో తడిపి, కొంతసేపు నాననిచ్చి, పిమ్మట ఎత్తివేయవలయును. చచ్చిన ఎలుకను వట్టిచేతితో ముట్టక, సంచి తొడిగిన చేతితో తీసి లోతుగా పాతిపెట్టవలయును.

ఇక బోనుల మాట. మా బోను మొదటిరాత్రి తరువాత ఏల పనిచేయలేదు? మా తల్లి చెప్పినట్లు ఎలుకలు మన మాటలు విని కాదు. కాని ఆమె మాటలో అనుభవమున్నది. ఎలుక మిక్కిలి అనుమానపు ప్రాణి. తాను తిరుగు త్రోవలో కొత్తవస్తువు కనబడిన కొన్నిదినములు దాని దరిజేరదు. కొత్త తిండిని ఒకటిరెండు పలుకులు మాత్రమే రుచిచూచును. కడుపులో తేడా చేసినచో మరల ముట్టదు. కనుక బోనులో ఎర ఉంచి, తలుపు పడకుండ కట్టివేసి, మూడు రాత్రులు వదలవలయును. అది వచ్చి తినిపోవుటకు అలవాటుపడిన తరువాత, నాలుగవరాత్రి బిగింపవలయును. ఒకటి చాలదు. నాలుగైదు బోనులు ఒకేరాత్రి పెట్టవలయును. గది నడుమ కాక గోడవెంబడి పెట్టవలయును. ఏలననగా ఎలుక మీసములతో గోడను తడవుకొనుచు నడచును. కాల్చిన కొబ్బరిముక్క, ఎండుచేప మంచి ఎరలు. ఇంట తిండి దొరకకుండ చేసిన తరువాతనే బోనులోని తిండికి విలువ. పట్టిన ఎలుకను పొరుగువాని పొలములో విడిచివచ్చుట పుణ్యము కాదు. అది మన కష్టమును అతని తలకు చుట్టుటయే.

ఎలుక విఘ్నేశ్వరుని వాహనము, చంపుట పాపముకాదా యని కొందరడుగుదురు. వారికి నేను చెప్పునది, చంపుటకంటె పిలువకుండుట మేలని. తిండి, దారి, దాగుచోటు తీసివేసిన యింట చంపవలసినవి బహుకొద్ది.

ఇప్పుడు విషముల సంగతి. ఇది మీరు జాగ్రత్తగా వినవలయునని నా ప్రార్థన. నేను తెచ్చినది జింకు ఫాస్ఫైడు. నల్లని పొడి. కడుపులోని ఆమ్లముతో కలసి విషవాయువు పుట్టించును. పొలము గట్లలో, తెలిసినవారి చేతిలో దానికి చోటు కలదేమో కాని, పిల్లలు తిరుగు ఇంటిలో లేదు. పచ్చ భాస్వరముతో చేసి గొట్టములలో అమ్మిన ముద్ద ఇంకను క్రూరమైనది. దానిని తినినవారు ఒకటిరెండు దినములు బాగుగనే యున్నట్లు కనబడుదురు. గండము గడచినదని ఇంటివారు సంతోషించునంతలో కాలేయము పాడై ప్రాణము మీదికి వచ్చును. దానికిని విరుగుడు లేదు. ధాన్యములో పురుగులకై పెట్టు అల్యూమినియం ఫాస్ఫైడు బిళ్లలు మూడవవి. మనుష్యులు నిదురించు ఇంటిలో వానిని పెట్టరాదు. ఆ వాయువు తలుపు సందునుండి ప్రక్కగదికి పాకి, నిదురించువారిని నిదురలోనే చంపును. శిక్షణ పొందినవారి పర్యవేక్షణలో తప్ప వానిని వాడరాదు.

మరియొక మాట. కోపతాపములు లేని యిల్లు లేదు. క్షణికమైన దుఃఖములో ఇంటి పిల్లలో, కోడండ్లో చేతికందిన విషమును నోట వేసికొనిన కథలు ప్రతి పల్లెలోను ఉన్నవి. ఆ క్షణమున చేతికి అందకుండినచో, ఆ క్షణము గడచిపోయెడిది. వారు బ్రదికియుండెడివారు. అటకమీద ఎలుకలమందు దాచిన ప్రతి పెద్దయు ఈ మాట తలపోయవలయును.

నెమ్మదిగా పనిచేయు మందులు కొన్ని గలవు. వాని పుట్టుక విచిత్రమైనది. అమెరికా దేశమున విస్కాన్సిన్ రాష్ట్రమున, పాడైన ఒక జాతి గడ్డి తినిన పశువులు రక్తము గడ్డకట్టక చనిపోవుచుండెను. 1933లో ఒక రైతు చచ్చిన పెయ్యను, పాలబిందెలో గడ్డకట్టని రక్తమును తీసికొని మంచు తుపానులో విశ్వవిద్యాలయమునకు వచ్చినాడు. కార్ల్ పాల్ లింకు అను ఆచార్యుడు తన శిష్యులతో ఏండ్లతరబడి పరిశోధించి ఆ గడ్డిలోని ద్రవ్యమును వేరుపరచినాడు. దానినుండియే 1948లో వార్ఫరిన్ అను ఎలుకలమందు వెలువడినది. పిమ్మట అదియే గుండెజబ్బువారికి ఔషధమైనది. నేడు మన రైతులు వాడు బ్రోమాడయొలోను ఆ కుటుంబములోనిదే. తినిన ఎలుక కొన్ని దినములకు గాని చావదు గనుక, తక్కిన ఎలుకలకు అనుమానము కలుగదు. దీనికి వైద్యునికడ విటమిన్ కె అను విరుగుడు కలదు. విరుగుడున్నదని దీనినిగూడ వంటయింట ఉంచరాదు. వాడవలసివచ్చినచో వ్యవసాయశాఖవారిని అడిగి, పిల్లలకు, పశువులకు, కోళ్లకు అందని మూతపెట్టెలోనో, పొలములోని బొరియలోనో పెట్టవలయును. ఉండలు లెక్కించి పెట్టి, లెక్కించి తీయవలయును. లెక్క తప్పిన యొక్క ఉండ యేమిచేయునో మీకు చెప్పితిని.

ఎవరైనను విషము తినిరని అనుమానము కలిగిన, ఉప్పునీళ్లు, పాలు, చింతపండు నీళ్లు పోసి కాలము పోగొట్టకుడు. వాంతి చేయింపకుడు. మనిషి బాగుగ నున్నట్లు కనబడినను, మందు పొట్లముతోకూడ వెంటనే ఆసుపత్రికి తీసికొనిపొండు. 108కి కబురు చేయుడు.

చివరిమాట పల్లె పెద్దలుగా మీకు. ఒక్క యింటివాడు ఎలుకలను తరిమిన, అవి ప్రక్కయింట విడిది చేసి నెల తిరుగకుండ మరల వచ్చును. ఒక్క రైతు తన గట్లు శుభ్రముచేసిన, పొరుగు గట్టునుండి వలస వచ్చును. ఎలుకకు సరిహద్దు రాళ్లు లేవు. ఏటేట తొలకరిలో, నాట్లకు ముందు, పొలములో తిండి తక్కువగా నుండి ఎలుకలు గట్లలోనే చిక్కియుండు దినములలో, పల్లె యంతయు ఒక్క దినము నిర్ణయించుకొని పనికి పూనినచో ఖర్చు తగ్గును, ఫలము హెచ్చును. దండోరా వేయించుటకు, తగవులు లేకుండ అందరిని కూర్చుటకు మీ మాట కావలయును. సర్కారువారు మందు ఈయగలరు గాని, ఐకమత్యము ఈయలేరు గదా! అట్లే రాత్రులందు ఎలుకలను వేటాడు గుడ్లగూబను చావుపిట్టయని రాళ్లతో కొట్టకుండ, విషములేని జెర్రిపోతును కనబడగనే చంపకుండ పిల్లలకు చెప్పవలసినవారును మీరే. అవి మనకు జీతము అడుగని పాలేర్లు.

మా యింట ఆ యేటి సంక్రాంతి నాటికి అటకమీది పరుగులు ఆగినవి. అప్పటినుండి ఎలుక రానేలేదని నేను చెప్పను. వానలకు ఒకటి రెండు వచ్చును. గోడ చుట్టు తిరిగి, తిండి కానక, దారి కానక పోవును. కాదన్నచో బోనులో పడును. విషపు పొట్లము మాత్రము మా గడప మరల తొక్కలేదు. నా మనుమడు ఇప్పుడు బడికి పోవుచున్నాడు. ఆనాటి సంగతి వానికి జ్ఞాపకము లేదు. పండుగకు నా భార్య లడ్లు చేసి వాని చేతికిచ్చునప్పుడెల్ల, నేను మాత్రము వాని చేతివంక ఒక్క క్షణము చూడకుండ ఉండలేను.

ఎలుకమీద కోపము వచ్చినప్పుడు, పెద్దలారా, ముందు ఇల్లు చూచుకొనుడు.